ప్లాస్మాను ఏడాది దాస్తారు, ప్లేట్‌లెట్లను ఎందుకు దాచరు?

అనంతపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. పోయిన అక్టోబరులో వాళ్ల బావమరిదికి డెంగీ వచ్చింది. కౌంట్ 18 వేలకు పడిపోయింది. ఊళ్లో ప్లేట్‌లెట్లు దొరక్క కర్నూలు వచ్చి నాలుగు ప్యాకెట్లు కారులో తీసుకుపోయారు. ఎక్కించాక చూస్తే కౌంట్ 22 వేలే ఉంది. "ప్లాస్మాను ఫ్రీజర్‌లో ఏడాది పెడతారట కదా మేడమ్. ఎండాకాలంలో డెంగీ లేనప్పుడు ప్లేట్‌లెట్లను కూడా అట్లే ఫ్రీజ్ చేసి పెట్టుకుంటే అక్టోబరు, నవంబరులో ఈ పరుగులు ఉండవు కదా? ఫ్రీజ్ చేస్తే వాటికి రక్తాన్ని గడ్డకట్టించే శక్తి పోతుందా? మేం తెచ్చినవి దారిలోనే పాడైపోయాయా?" అని అడిగారు.

నేను కర్నూలులో బ్లడ్ బ్యాంకు డాక్టరుగా చాలా ఏళ్లు పనిచేశాను. ప్రతి ఏడాదీ వానలు వెనకబట్టగానే ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వింటూనే ఉన్నాను. మూడింటికీ జవాబు చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా: ఫ్రీజ్ చేసినంత మాత్రాన ప్లేట్‌లెట్ల శక్తి మొత్తం పోదు. ప్లేట్‌లెట్ చేసే పనుల్లో ఒకటి ఫ్రీజ్ చేశాక ఇంకా చురుగ్గా జరుగుతుంది, మిగతావి బాగా దెబ్బతింటాయి. రక్తం ధారగా కారుతున్న గాయానికి ఆ చురుకైన పని ఉపయోగపడవచ్చు. కౌంట్ పడిపోయి, రక్తస్రావం లేకుండా మంచం మీద ఉన్న డెంగీ రోగికి కావాల్సినవి మాత్రం ఆ దెబ్బతినేవే. కాబట్టి మీరు అనుకున్న లాభం ఫ్రీజర్ నుంచి రాదు.

ఇప్పుడు వివరంగా చెప్తాను.

ప్లాస్మా అంటే రక్తంలో కణాలన్నీ తీసేశాక మిగిలే ద్రవం. నీళ్లు, ఉప్పులు, ప్రోటీన్లు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్లు అందులో ఉండే ప్రోటీన్లే. మైనస్ 30 డిగ్రీల్లో పెట్టి, మళ్లీ 37 డిగ్రీల నీళ్లలో కరిగిస్తే అవి దాదాపు అట్లే ఉంటాయి. అందుకే దానికి ఏడాది గడువు. ప్లేట్‌లెట్ అట్లా కాదు, అది కణం. సరిగ్గా చెప్పాలంటే ఎముక మూలుగలో ఉండే పెద్ద కణాల నుంచి తెగిపడిన ముక్క. న్యూక్లియస్ ఉండదు, మైక్రాన్లలో కొలిస్తే రెండు మూడు మాత్రమే ఉంటుంది. అయినా దానికి పైపొర ఉంది, ఆ పొర మీద గ్రాహకాలు (బయటి వాటిని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు) ఉన్నాయి, లోపల గుళికలు, కదిలే ప్రోటీన్ల చట్రం ఉన్నాయి. నీళ్లు గడ్డకడితే ఈ పొర చిరుగుతుంది. పత్తికొండ టమాటాను రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున తీసి చూడండి, మెత్తబడి నీళ్లు కారుతుంటుంది. ఏ రక్షణా లేకుండా ఫ్రీజ్ చేసిన ప్లేట్‌లెట్‌కు జరిగేది అదే. ల్యాబుల్లో కావాలనే ఇట్లా చేస్తారు కూడా. ప్లేట్‌లెట్లను ఫ్రీజ్ చేసి, కరిగించి, పగలగొట్టి, లోపలి పోషక పదార్థాలను కణాలు పెంచడానికి వాడుకుంటారు. ఆ ద్రవాన్ని రోగికి ప్లేట్‌లెట్లుగా ఎక్కించరు.

ఫ్రీజర్ దాకా పోనక్కర్లేదు, మామూలు ఫ్రిజ్ చల్లదనానికే ప్లేట్‌లెట్ మారిపోతుంది. ఇది మన వాళ్లకు బాగా తెలియాల్సిన విషయం కాబట్టి ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను.

ఎర్ర రక్తకణాల ప్యాకెట్‌ను 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో పెడతారు, 35 లేదా 42 రోజులు ఉంటుంది. ప్లేట్‌లెట్లను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆపకుండా మెల్లగా ఊపే యంత్రం మీద పెడతారు. గడువు 5 రోజులు. ఊపకపోతే వాటికి ఆక్సిజన్ సరిగా అందదు, లాక్టిక్ ఆమ్లం పేరుకుని చచ్చిపోతాయి. 5 రోజులు దాటితే, గది వేడిలో ఉన్న సంచి కాబట్టి, అందులో ఎక్కడైనా ఒక్క బ్యాక్టీరియా ఉన్నా పెరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ 5 రోజుల్లో మొదటి రోజు ఎట్లాగూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలకే పోతుంది. మిగిలేది మహా అయితే నాలుగు రోజులు.

1960ల దాకా ప్లేట్‌లెట్లను కూడా ఫ్రిజ్‌లోనే పెట్టేవాళ్లు. 1969లో అమెరికాలో మర్ఫీ, గార్డ్‌నర్ అనే ఇద్దరు డాక్టర్లు పోల్చి చూపించారు: గది వేడిలో దాచినవి ఎక్కించాక రోజుల తరబడి ఒంట్లో తిరుగుతున్నాయి, ఫ్రిజ్‌లో దాచినవి త్వరగా మాయమైపోతున్నాయి. కారణం తర్వాత దశాబ్దాల్లో తేలింది. ప్లేట్‌లెట్ మామూలుగా పలుచని బిళ్లలా ఉంటుంది. చల్లదనం తగలగానే పైపొరలోని కొవ్వు గట్టిపడుతుంది, లోపలికి కాల్షియం చేరుతుంది, చట్రం మారిపోయి అది గుండ్రంగా అయి చుట్టూ ముళ్లు లేస్తాయి. పొర మీద ఉండే ఒక ముఖ్యమైన గ్రాహకం, గాయం దగ్గర రక్తనాళానికి అతుక్కోవడానికి పనికొచ్చేది, చెల్లాచెదురుగా ఉండాల్సింది ఒకచోట గుంపుగా చేరుతుంది. కాలేయంలోని కణాలు ఆ గుంపును గుర్తుపట్టి ఆ ప్లేట్‌లెట్‌ను మింగేస్తాయి. 2003లో బోస్టన్ పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. మళ్లీ వేడి చేసినా ఆ మార్పు పూర్తిగా వెనక్కి రాదు.

ఈ మార్పును కంటితోనే పట్టుకోవచ్చు. మంచి ప్లేట్‌లెట్ సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పితే లోపల మెరుపు సుడులు కనిపిస్తాయి. బిళ్లల్లా ఉన్న కణాలు ప్రవాహంతో పాటు వరుసకట్టి వెలుతురును విరజిమ్మడం వల్ల అట్లా కనిపిస్తుంది. చల్లబడి గుండ్రంగా అయిన సంచిలో ఆ సుడి ఉండదు, మబ్బుగా, చప్పగా ఉంటుంది. ప్యాకెట్ ఇచ్చే ముందు టెక్నీషియన్ దాన్ని ట్యూబ్‌లైట్ వైపు తిప్పి చూసేది ఇందుకే.

ఇంక మీ కారు సంగతి. ప్లేట్‌లెట్లను ఐస్ బాక్సులో తేకూడదు. రక్తం ప్యాకెట్‌కు ఐస్ అలవాటు కాబట్టి మన వాళ్లు దీనికీ ఐస్ పెడతారు. మీ స్నేహితుడు ఐస్ పెట్టమన్నా మీరు పెట్టలేదని రాశారు, మంచిపని చేశారు. కర్నూలు నుంచి అనంతపురం మూడు గంటల లోపు దారి. ఏసీ వేసిన కారులో, ఎండ తగలకుండా, ఐస్ లేకుండా, థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుపోతే ఏమీ కాదు. ఊపకుండా 24 గంటల దాకా ఉన్నా తట్టుకుంటాయని ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఏసీ లేని బస్సులో, మే నెల ఎండలో, డిక్కీలో పెట్టడం వేరే సంగతి. అక్కడ వేడికి పాడవుతాయి. అక్టోబరులో ముందు సీట్లో పెట్టుకుని పోయిన మీ ప్యాకెట్లు దారిలో పాడై ఉండవు. మరి కౌంట్ ఎందుకు పెరగలేదు? దాని దగ్గరికి వస్తాను.

ఫ్రీజ్ చేయడం గురించి. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు గ్లిసరాల్ కలిపితే కణాలు ఫ్రీజింగ్‌ను తట్టుకుంటాయని చూపించారు. మరుసటి ఏడాదే స్మిత్ ఎర్ర రక్తకణాల మీద దాన్ని ప్రయత్నించారు. అరుదైన గ్రూపుల ఎర్ర రక్తకణాలను ఇప్పటికీ గ్లిసరాల్‌తోనే ఏళ్ల తరబడి దాస్తారు. 1959లో లవ్‌లాక్, బిషప్ డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ఇంకో ద్రవం కూడా అదే పని చేస్తుందని చూపించారు. దాన్ని ల్యాబుల్లో డీఎంఎస్‌ఓ అంటారు. అది కణంలోకి చొరబడి, నీళ్లు పెద్ద పలుకులుగా గడ్డకట్టకుండా చూస్తుంది. ప్లేట్‌లెట్లకు వాడుకలోకి వచ్చింది ఇదే. 1970లలో అమెరికా నావికాదళ రక్త పరిశోధనశాలలో వలేరీ అనే డాక్టరు ఈ పద్ధతిని ఒక దారికి తెచ్చారు. సుమారు 6 శాతం డీఎంఎస్‌ఓ కలిపి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే కనీసం రెండేళ్లు ఉంటాయి. 5 రోజుల వస్తువు రెండేళ్లు!

మొదట్లో కరిగించాక డీఎంఎస్‌ఓను కడిగి తీసేయాల్సి వచ్చేది. ఆ కడగడంలోనే చాలా ప్లేట్‌లెట్లు పోయేవి, సమయమూ పట్టేది. తర్వాత పద్ధతి మార్చారు. ఫ్రీజ్ చేసే ముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన డీఎంఎస్‌ఓ ద్రవాన్ని తీసేసి, చిక్కటి ప్లేట్‌లెట్లను మాత్రమే చిన్న పరిమాణంలో ఫ్రీజ్ చేస్తారు. కావాల్సినప్పుడు 37 డిగ్రీల నీళ్లలో కొద్ది నిమిషాలు పెట్టి, కరిగిన ప్లాస్మాలో కలిపి ఎక్కిస్తారు. కడిగే పని లేదు. కరిగించాక మాత్రం కొద్ది గంటల్లోనే వాడేయాలి. (డీఎంఎస్‌ఓ ఒంట్లోకి పోతే ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. మూలకణాల మార్పిడి వార్డులో పనిచేసిన నర్సులకు ఆ వాసన బాగా తెలుసు.)

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: కరిగించాక అవి రక్తాన్ని గడ్డకట్టిస్తాయా?

దీనికి ముందు ప్లేట్‌లెట్ మామూలుగా ఏం చేస్తుందో చెప్పాలి. రక్తనాళం తెగగానే దాని గోడ లోపలి కొల్లాజెన్ అనే ప్రోటీన్ బయటపడుతుంది. ప్లేట్‌లెట్ తన గ్రాహకాలతో అక్కడ అతుక్కుంటుంది. అతుక్కున్నది చురుగ్గా మారి, తన గుళికల్లోని రసాయనాలను వదిలి పక్కవాటిని పిలుస్తుంది. ఆస్పిరిన్ అడ్డుకునేది ఈ పిలుపునే. వచ్చినవన్నీ ప్లాస్మాలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ సాయంతో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడతాయి. ఇదంతా ఒక పని. ఇంకో పని ఉంది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. చురుకైన ప్లేట్‌లెట్ తన పైపొరను లోపలిది బయటకు తిప్పుతుంది. మామూలుగా లోపలి వైపు దాగి ఉండే ఫాస్ఫటిడైల్ సెరిన్ అనే కొవ్వు బయటకు వస్తుంది. ప్లాస్మాలోని గడ్డకట్టే ఫ్యాక్టర్లు ఆ కొవ్వు మీదే కూర్చుని త్రాంబిన్ అనే ఎంజైమ్‌ను తయారుచేస్తాయి. త్రాంబిన్ ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుంది. ఆ దారాల వల లేకపోతే ప్లేట్‌లెట్ల గుంపు నిలబడదు. చివరికి ప్లేట్‌లెట్లు ఆ వలను లోపలికి లాగి గడ్డను బిగిస్తాయి.

ఫ్రీజ్ చేసి కరిగించిన ప్లేట్‌లెట్లలో ఈ రెండో పని చాలా చురుగ్గా ఉంటుంది. ఫ్రీజింగ్ దెబ్బకు పైపొర తిరగబడి, ఫాస్ఫటిడైల్ సెరిన్ ఎక్కువ కణాల మీద ముందే బయటకు వచ్చేసి ఉంటుంది. పైగా పొర ముక్కలు ముక్కలుగా ఊడి, తాజా సంచిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సూక్ష్మకణికలు సంచి నిండా తేలుతుంటాయి. ఆ ముక్కల మీదా అదే కొవ్వు ఉంటుంది. కాబట్టి ల్యాబులో త్రాంబిన్ తయారీని కొలిస్తే ఇవి తాజావాటి కంటే తొందరగా మొదలుపెడతాయి. గడ్డ ఎంత గట్టిగా, ఎంత తొందరగా కడుతుందో గ్రాఫ్‌గా చూపే త్రాంబోఎలాస్టోగ్రఫీలో కూడా గడ్డ మొదలయ్యే సమయం తగ్గుతుంది.

అదే గ్రాఫ్‌లో ఇంకొంచెం ముందుకు పోతే రెండో సంగతి కనిపిస్తుంది. మొదలైంది త్వరగానే అయినా, చివరికి వచ్చే గడ్డ తాజా ప్లేట్‌లెట్లతో వచ్చే గడ్డంత గట్టిగా ఉండదు. ఎందుకంటే మొదటి పని దెబ్బతింది. కొల్లాజెన్ దగ్గర పట్టుకునే గ్రాహకాలు కొన్ని పొర మీద నుంచి తెగిపోయి ఉంటాయి. ఒకదాన్నొకటి పట్టుకునే గ్రాహకం పొర మీద ఉన్నా, పిలుపు వచ్చినప్పుడు తాజాదానిలా తెరుచుకోదు. ఏడీపీ (పక్కవాటిని పిలవడానికి గుళికల నుంచి వదిలే రసాయనం), కొల్లాజెన్ కలిపి, ఎంత బాగా గుంపు కడతాయో చూసే అగ్రిగేషన్ పరీక్షలో ఇవి చాలా మందకొడిగా స్పందిస్తాయి. గుళికల్లోని సరుకు కొంత ముందే బయటికి కారిపోయింది.

ఇంకో ముఖ్యమైన మాట. కరిగించిన సంచిలో ప్లేట్‌లెట్లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని దాదాపు తాజావాటిలా బిళ్లల్లానే ఉంటాయి, కొన్ని ముందే చురుకై ఉబ్బిపోయి ఉంటాయి, కొన్ని ఉత్త పైపొరలు. ఎక్కించిన తర్వాత ఏం జరుగుతుందనేది ఈ తేడాలను బట్టే ఉంటుంది. బాగా దెబ్బతిన్నవి త్వరలోనే రక్తంలోంచి తొలగిపోతాయి. అందుకే మరుసటి రోజు లెక్కపెడితే ఒంట్లో మిగిలినవి తాజా ప్లేట్‌లెట్ల కంటే బాగా తక్కువ. ఆ మొదటి వడపోతను తట్టుకుని నిలబడినవి మాత్రం కొన్ని రోజులు తిరుగుతాయి.

కౌంట్ తక్కువ పెరిగితే పని తక్కువ చేసినట్టేనా అంటే, అట్లా చెప్పలేం. 1999లో బోస్టన్‌లో గుండె బైపాస్ ఆపరేషన్ రోగుల మీద ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఫ్రీజ్ చేసినవి ఎక్కించినవాళ్లకు కౌంట్ తక్కువే పెరిగింది, కానీ రక్తం కారడం తగ్గింది. రక్తం కారే చోట, ఆ గంటలో కావాల్సింది త్రాంబిన్ తొందరగా పుట్టడం కాబట్టి ఇది అర్థం అయ్యే ఫలితమే. అయితే అది చిన్న అధ్యయనం. ఆస్ట్రేలియాలో ఆ తర్వాత క్లిప్ అనే పేరుతో గుండె ఆపరేషన్ రోగుల్లో పరీక్షలు చేశారు. ఇప్పటిదాకా ఫ్రీజ్ చేసినవి తాజావాటికి సాటి అని రుజువు కాలేదు. నా అభిప్రాయం కూడా అదే: తాజావి చేతిలో ఉండగా ఫ్రీజ్ చేసినవి ఎక్కించడానికి కారణం లేదు. తాజావి దొరికే దారే లేనప్పుడు అవి మంచి అండ.

అట్లాంటి చోటు యుద్ధరంగం. నెదర్లాండ్స్ సైన్యం 2000లలోనే ఎర్ర రక్తకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు మూడింటినీ మైనస్ 80 ఫ్రీజర్లలో పెట్టుకుని అఫ్గానిస్తాన్ దాకా తీసుకుపోయింది. ఎడారి మధ్యలో ఉన్న ఆసుపత్రికి 5 రోజుల గడువు సంచులు విమానంలో పంపడం కుదిరే పని కాదు. అక్కడ వచ్చే రోగి బాంబు దెబ్బ తిని రక్తం కారుతున్నవాడు. రేపటి కౌంట్ ఎంత అని కాదు, ఈ గంట గడుస్తుందా అన్నది ముఖ్యం.

ఫ్రీజ్ చేసినవి రక్తం కారేవాళ్లకే అన్నదానికి ఒక మినహాయింపు ఉంది, చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1970లలో అమెరికాలో షిఫర్ అనే డాక్టరు బృందం ల్యుకీమియా (రక్త క్యాన్సర్) రోగుల సొంత ప్లేట్‌లెట్లనే, జబ్బు నెమ్మదించి కౌంట్ బాగున్న రోజుల్లో తీసి ఫ్రీజ్ చేసి, తర్వాత కీమో వల్ల కౌంట్ పడిపోయినప్పుడు తిరిగి ఎక్కించారు. పదేపదే ఎక్కించుకోవడం వల్ల ఎవరి ప్లేట్‌లెట్లనూ ఒళ్లు ఒప్పుకోని రోగులకు అది నిజంగా ప్రాణదానం. అంటే కౌంట్ కోసం ఫ్రీజ్ చేసినవి వాడటం అసాధ్యం కాదు. సరిపోయే దాత దొరకని కొద్దిమందికి, పెద్ద క్యాన్సర్ కేంద్రాల్లో చేసే పని అది. మన జిల్లాల్లో డెంగీ కాలానికి వందల సంచులు దాచిపెట్టడం వేరు.

డెంగీ సంగతి చూద్దాం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవడానికి రెండు కారణాలు: మూలుగలో తయారీ కొన్ని రోజులు మందగిస్తుంది, రక్తంలో ఉన్నవి యాంటీబాడీల వల్ల, ఇతర కారణాల వల్ల వేగంగా నాశనమవుతాయి. మీ బావమరిదికి ఎక్కించిన నాలుగు సంచులూ మామూలు రక్తదానం నుంచి విడదీసినవి. ఒక్కో సంచి పెద్దవాళ్లలో 5 నుంచి 10 వేల కౌంట్ పెంచాలి. లెక్క ప్రకారం కౌంట్ కనీసం 38 వేలు కావాలి. కాలేదు, ఎందుకంటే ఆయన సొంత ప్లేట్‌లెట్లను నాశనం చేస్తున్నదే ఎక్కించినవాటినీ నాశనం చేసింది. అప్పుడే తీసిన తాజా ప్లేట్‌లెట్లకే ఈ గతి అయితే, సగం దెబ్బతిని, కాలేయం ఎదురుచూస్తున్న ఫ్రీజ్ చేసిన సంచితో కౌంట్ ఇంకెంత పెరుగుతుంది? పైగా రక్తం కారని మనిషిలోకి, త్రాంబిన్‌ను రెచ్చగొట్టే పొర ముక్కలను పనిగట్టుకుని పంపడం ఏ డాక్టరూ తేలిగ్గా ఒప్పుకోడు.

ఇంకో నిజం చెప్తాను, దయచేసి దీన్ని నలుగురికీ చెప్పండి. డెంగీలో కౌంట్ 20 వేల కంటే తగ్గినంత మాత్రాన ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన పని లేదు. సింగపూర్, మలేసియాల్లో 372 మంది మీద జరిగి 2017లో వచ్చిన అధ్యయనం ఉంది. అందరికీ కౌంట్ 20 వేలు, అంతకంటే తక్కువ. సగం మందికి ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. రక్తస్రావంలో తేడా రాలేదు. ఎక్కించినవాళ్లకే దద్దుర్ల వంటి ఇబ్బందులు ఎక్కువ వచ్చాయి. మన దేశ మార్గదర్శకాలు కూడా రక్తస్రావం లేకపోతే 10 వేల లోపు పడినప్పుడే ఎక్కించమంటాయి. డెంగీలో ప్రాణం తీసేది ఎక్కువగా ప్లాస్మా రక్తనాళాల నుంచి బయటికి కారిపోవడం. జ్వరం తగ్గిన రోజు "హమ్మయ్య" అనుకుంటాం, అసలు జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు అప్పుడే మొదలవుతాయి. కడుపులో గట్టి నొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా ఉండటం, నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి రక్తం: వీటిలో ఏది కనిపించినా టెన్షన్ పడాల్సింది అప్పుడు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) పెరుగుతోందా, మూత్రం సరిగా వస్తోందా అని చూసుకుంటూ సెలైన్ సరైన మోతాదులో ఎక్కించే ఆసుపత్రి ముఖ్యం. ప్లేట్‌లెట్ కౌంట్ రెండు మూడు రోజుల్లో దానంతటదే లేస్తుంది. మీ బావమరిది కౌంట్ కూడా మూడో రోజుకు 60 వేలు దాటిందని మీరే రాశారు. అది ఆయన మూలుగ చేసిన పని.

అయితే ఫ్రీజ్ చేసిన ప్లేట్‌లెట్లు మన ప్రాంతానికి ఎప్పటికీ అక్కర్లేదా? అక్కరపడే చోటు ఉంది. ఆదోని, గుంతకల్లు, పులివెందుల వంటి ఊళ్లను తీసుకోండి. 44వ నంబరు హైవే మీద అర్ధరాత్రి లారీ గుద్దిన కుర్రాడు, కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లి, వీళ్లకు గంటలోపు ఏదో ఒకటి చేయాలి. 5 రోజుల సంచిని చిన్న ఆసుపత్రిలో ఊరికే పెట్టుకుంటే ఎక్కువ సార్లు గడువు తీరి పారేయాల్సి వస్తుంది. అక్కడ 'ఓ' (O) బ్లడ్ గ్రూపు ప్లేట్‌లెట్లు నాలుగైదు సంచులు ఫ్రీజర్‌లో ఉంటే ప్రాణాలు నిలబడే అవకాశం ఉందని నేను నమ్ముతున్నాను. కానీ దానికి కరెంటు పోయినా ఆగని మైనస్ 80 ఫ్రీజర్ కావాలి, కరిగించే నీటి తొట్టి, అది చేయగల మనిషి రాత్రి డ్యూటీలో కావాలి, పక్కనే ప్లాస్మా ఉండాలి. అన్నిటికంటే ముందు చట్టం, నాణ్యత పరీక్షలు. మన బ్లడ్ బ్యాంకుల రోజువారీ పనిలో ఈ సంచి లేదు. అది వచ్చేలోపు అదే తల్లికి, అదే కుర్రాడికి మూడు గంటల్లోపు ఇచ్చే, కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెగ్జామిక్ ఆసిడ్ ఇంజెక్షన్ చవగ్గా, ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ అందుబాటులో ఉండాలి. నా మనసు ముందు దాని మీదే ఉంటుంది.

మధ్యలో ఒక దారి కూడా వస్తోంది. ప్లేట్‌లెట్లను ఫ్రీజ్ చేయకుండా 1 నుంచి 6 డిగ్రీల ఫ్రిజ్‌లోనే 14 రోజులు పెట్టి, రక్తం కారుతున్న రోగులకు మాత్రమే వాడటం. 1969లో వద్దన్న పద్ధతే ఇది. త్వరగా మాయమైనా, ఉన్నంతసేపు రక్తస్రావం బాగా ఆపుతాయని గమనించి మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మామూలు ప్లేట్‌లెట్లు దొరకనప్పుడు వాడుకోవచ్చని 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న ఊళ్లకు మైనస్ 80 కంటే ఇది దగ్గరి దారి అనుకుంటున్నాను.

ఇంక ఈ అక్టోబరుకు ఏం చేయాలి? మీ అనంతపురంలోనే జేఎన్‌టీయూ, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి, వేల మంది పిల్లలు ఉన్నారు. నడిచే ఫ్రీజర్లు వద్దు, నడిచి వచ్చే దాతలు కావాలి. యంత్రం మీద ఒక్క దాత నుంచే తీసే సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లు గంట, గంటన్నరలో వస్తాయి, ఒక్క సంచి కౌంట్‌ను 30 నుంచి 50 వేలు పెంచగలదు. ఎర్ర కణాలు తిరిగి దాతకే పోతాయి కాబట్టి నీరసం రాదు, 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వవచ్చు, ఏడాదికి 24 సార్ల దాకా. దాతకు కౌంట్ లక్షన్నర పైన ఉండాలి, చేతిలో నరం బాగుండాలి, గత మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. ఆస్పిరిన్ వేసుకున్న మనిషి ప్లేట్‌లెట్లు సంచి నిండా ఉన్నా పక్కవాటిని పిలవలేవు. వాట్సాప్‌లో "అర్జెంట్ ప్లేట్‌లెట్స్" అని పెట్టి దొరికినవాళ్లను దొరికినట్టు పిలిస్తే, వచ్చిన పది మందిలో చాలామంది ఈ పరీక్షల్లోనే వెనక్కి పోతారు. ముందే నరం చూసి, కౌంట్ చూసి, గ్రూపు రాసి, ఫోన్ నంబర్లతో ఆగస్టులోనే జాబితా తయారు చేసి బ్లడ్ బ్యాంకుకు ఇవ్వండి. ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-రక్తకోశ్‌లో ఏ బ్లడ్ బ్యాంకులో ఏం ఉందో చూసి, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్లకు ఒక విన్నపం. మడకశిరలోనో ఆలూరులోనో శిబిరం పెట్టి, తీసిన రక్తాన్ని వెంటనే ఐస్‌లో పెట్టి సాయంత్రానికి తెస్తే, అందులోంచి ప్లేట్‌లెట్లు తీయడం కుదరదు. ఎర్ర కణాలు, ప్లాస్మా మాత్రమే వస్తాయి. ప్లేట్‌లెట్లు కావాలంటే రక్తాన్ని 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి 6 నుంచి 8 గంటల్లోపు విడదీయాలి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా శిబిరాలను బ్లడ్ బ్యాంకుకు దగ్గర్లో, పొద్దున పూట, వారానికి ఒకటి చొప్పున పెట్టండి. ఆగస్టు 15న ఒకే రోజు మూడు వందల మంది ఇచ్చిన రక్తం నుంచి వచ్చే ప్లేట్‌లెట్లు 20వ తేదీకి గడువు తీరిపోతాయి.

ఈసారి ప్యాకెట్ తీసుకునేటప్పుడు టెక్నీషియన్‌ను అడిగి ఆ సుడులు మీరే చూడండి. గడువు తేదీ చూసుకోండి. ఆసుపత్రికి చేరాక నర్సు వార్డు ఫ్రిజ్‌లో పెట్టబోతే వద్దని చెప్పి, అందిన అరగంటలోపే ఎక్కించడం మొదలుపెట్టమనండి.